కారంపూడి రోడ్డులో నాలుగో నట్టు

మావైపు వాళ్ళకి పల్నాడు అంటే ఎండ, కారం, రాయి. నాకూ మొన్నటిదాకా అంతే తెలుసు. కైకలూరు దగ్గర మాకు చేపల చెరువులున్నాయి. ఇంటి గుమ్మం దిగితే నీళ్ళు, వీధి చివర నీళ్ళు, చుట్టాల ఇంటికి వెళ్ళాలన్నా రెండు గట్లు దాటాలి. అలాంటి చోట పుట్టి పెరిగి, యాభై దాటాక, సొంత కారు నేనే నడుపుకుంటూ పల్నాడు వెళ్ళొచ్చాను. కారు నిండా బతికున్న చేపపిల్లల్ని వేసుకుని వెళ్ళాను. అక్కడికి వెళ్ళని వాళ్ళ కోసం, వెళ్ళినా బస్సు కిటికీలోంచి చూసి వచ్చేసిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కైకలూరు నుంచి

మా పెద్దక్క కూతురు లతని గురజాల దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. ఈ ఏడు వాళ్ళ పొలంలో పెద్ద నీటికుంట తవ్వించారు. మిరప తోటకి తడులు పెట్టుకోవడానికి తవ్వింది అది. వానలు పడి కుంట నిండగానే లత నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, ఇన్ని నీళ్ళు ఊరికే ఉన్నాయి. ఇందులో చేపలు పెంచుతానంటే మా మామయ్య నవ్వుతున్నాడు. ఈ రాళ్ళలో చేపలేందమ్మా, అంత దూరం నుంచి కవర్లలో తెస్తే వచ్చేది ఎండుచేపలే అంటున్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పి మరీ నవ్వుతున్నాడు."

"ఎవర్నో పంపడం కాదు, నేనే తీసుకొస్తా. కుంటలో నీళ్ళు తగ్గకుండా చూసుకో" అన్నాను.

మా ఆయన చెరువుల మీద పని వదిలి రాలేనన్నాడు. మా తోటికోడలు వరలక్ష్మి తోడొస్తానంది. వరం గుంటూరు దాటి పడమరకి ఎప్పుడూ పోలేదు. తెల్లవారుతుండగా బొచ్చె, శీలావతి పిల్లల్ని వలతో పట్టించి, నీళ్ళు పోసిన కవర్లలో వేయించి, ఆక్సిజన్ పట్టించి మూతులు బిగించాం. కవర్లని అట్టపెట్టెల్లో పెట్టి డిక్కీలోనూ వెనక సీటు మీదా సర్దాం. పొద్దున సర్దిన పిల్ల సాయంత్రం దాకా బతుకుతుంది, ఎండ తగలకపోతే. ఆ చివరి మాటే దారంతా నా బుర్రలో తిరిగింది.

బయల్దేరే ముందురోజు మా ఊరి టైర్ల షాపులో చక్రాలన్నీ విప్పించి, గాలి సరిచూపించి, బిగింపించుకున్నాను. ఆ అబ్బాయి గాలి మిషను పెట్టి బుర్రుమని బిగించేశాడు. చానా గట్టిగా ఉండాలని నేనే అడిగాను కూడా.

నరసరావుపేట

గుంటూరు దాటాక మట్టి రంగు మారింది. నరసరావుపేట చేరేసరికి వరం కిటికీకి అతుక్కుపోయింది. "అక్కా, ఇక్కడ కంచెలు చూడు, రాళ్ళని పలకలుగా నిలబెట్టేశారు!" అంది. మాకు కంచె అంటే వెదురు, కొబ్బరిమట్ట. ఇక్కడ నాపరాతి పలకల్ని వరసగా భూమిలో పాతి గోడలా నిలబెడతారు. ఇంటి గోడ, పశువుల పాక, గట్టు, అరుగు, అన్నీ ఆ రాయే.

బస్టాండు దగ్గర టీ తాగాం. చిన్న గ్లాసులో చిక్కగా, కళ్ళు తెరుచుకునేలా ఇచ్చాడు. మావైపు కంటే రెండు రూపాయలు తక్కువ. ఇడ్లీలోకి వేసిన కారప్పొడి నాలుక మీద పెట్టగానే వరానికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి ఆమె నీళ్ళ గ్లాసు దూరంగా జరిపి, "కొత్తవాళ్ళా అమ్మా? నీళ్ళు తాగితే ఇంకా మండుద్ది. పెరుగు వేయించుకోండి" అన్నాడు. పెరుగు వేశారు, డబ్బు తీసుకోలేదు.

నేను మధ్యమధ్యలో డిక్కీ తెరిచి కవర్లు చేత్తో తాకి చూస్తున్నాను. చల్లగానే ఉన్నాయి. పిల్లలు చురుగ్గా తిరుగుతున్నాయి.

కారంపూడికి ఇవతల

కారంపూడి ఇంకాస్త దూరం ఉందనగా కారు ఒక పక్కకి లాగింది. వెనక ఎడమ చక్రం నేలకి అంటుకుపోయింది. రెండు వైపులా పత్తి చేలు. నీడనిచ్చే చెట్టన్నది కనుచూపు మేరలో లేదు. ఎండ నెత్తిన ఉంది.

నాకు చక్రం మార్చడం వచ్చు. చెరువు గట్ల మీద తిరిగే వాళ్ళకి రాక తప్పదు. పెట్టెలు దించి అదనపు చక్రం బయటికి తీశాం. కారు లేపకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి. లేపాక తిప్పితే చక్రం కూడా తిరిగిపోతుంది. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, పానా తగిలించి లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను. గోడని నెట్టినట్టే ఉంది. గాలి మిషనుతో బిగించిన బిగింపు అది.

"వరం, నువ్వు నాకంటే బరువు. దీని మీదెక్కి నిలబడు" అన్నాను.

"ఇంట్లో ఎవరైనా ఈ మాటంటే ఊరుకునేదాన్నా" అంటూనే చీర కుచ్చిళ్ళు దోపుకుని, కారు పట్టుకుని, పానా కాడ మీదకెక్కింది. కీచుమని మొదటిది వదిలింది. అదే పద్ధతిలో రెండోది కూడా వచ్చింది. మూడోది ఇద్దరం కలిసి ఎక్కినా రాలేదు.

అప్పుడే రోడ్డు మీద ఒక మోపెడ్ ఆగింది. దిగినావిడకి నలభై ఐదేళ్ళుంటాయేమో. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు, వెనక పాల క్యాన్లు. పేరు చెంచమ్మ. పక్కనే ఆమె పొలం, పొలంలోనే రాతి పలకల ఇల్లు.

"యాడ నుంచమ్మా? పెట్టెల్లో ఏంది?"

"చేపపిల్లలు. బతికున్నవి."

ఆమె ఒక పెట్టె మూత తీసి చూసింది. కవర్లో పిల్లలన్నీ ఒక్కసారి చెదిరాయి. "అయ్యో, బిడ్డలు! ఎండలో పెట్టారేంది వీటిని? ఏసీ ఎయ్యకూడదా?"

నిలబెట్టి ఏసీ వేస్తే మా పాత కారు వేడెక్కి ఆగిపోతుందని చెప్పాను. ఆమె పాల క్యాన్లు దించేసి, ఒక పెట్టె ఎత్తుకుని పొలంలోకి నడిచింది. "రండి, మా బోరు కాడ తొట్టుంది."

చెంచమ్మ తొట్టి

బోరు పక్కన గేదెలు తాగే సిమెంటు తొట్టి, పైన రేకుల నీడ. కవర్లు విప్పకుండానే ఆ నీళ్ళలో తేలేశాం. లోపలి నీళ్ళు చల్లబడుతుంటే పిల్లలు కిందికి దిగాయి. నాకు ఊపిరొచ్చింది.

ఒక కవరు మాత్రం అడుగున చిరిగి ఉంది. నీళ్ళు కారుతున్నాయి, ఆక్సిజన్ పోయింది. వరం గబగబా ఆ పిల్లల్ని తొట్టి పక్కనున్న పెద్ద స్టీలు బేసిన్‌లోకి వంపి, పక్కన కూర్చుని, దోసిలితో నీళ్ళు ఎత్తి పోయడం మొదలుపెట్టింది. నీళ్ళు కదుల్తూ ఉంటే వాటికి గాలి అందుతుంది.

"నువ్వెళ్ళి చక్రం చూడక్కా. నేను లేవను" అంది. నిజంగానే లేవలేదు.

చెంచమ్మ బోరు వేసినప్పుడు మిగిలిన ఇనుప గొట్టం ముక్క తెచ్చింది. పానా కాడకి దాన్ని తొడిగి పొడుగు చేశాం. పొడుగు పెరిగితే బలం పెరుగుతుంది. మూడో నట్టు పెద్ద చప్పుడుతో వదిలింది. ఆ ఉత్సాహంలో నాలుగోదాని మీద గొట్టం పెట్టి ఒళ్ళంతా వేసి నొక్కాను. పానా జారింది. నేను రోడ్డు మీద బోర్లా పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. లేచి చూస్తే నట్టు ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయింది. పానా దాని మీద ఊరికే గిర్రున తిరుగుతోంది.

కాసేపు ఆ నట్టుని చూస్తూ రోడ్డు మీదే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే టైము పోతుందని ఆపుకున్నాను.

దాచేపల్లి వైపు నుంచి సిమెంటు లోడుతో వచ్చిన లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పేరు బాజీ. సుత్తి, ఉలి పట్టుకుని దిగాడు. నట్టు అంచు మీద ఉలి పెట్టి ఎదురు దిశలో కొట్టాడు. ఇనుము చెక్కులు లేచింది గానీ నట్టు కదల్లేదు.

"దీని పని అయిపోయిందమ్మా. కారు తాళం వేసి వదిలెయ్యండి. లోడు దించి నేను మళ్ళీ ఇటే తిరిగొస్తా. అప్పుడు మిమ్మల్నీ పెట్టెల్నీ గురజాల చేరుస్తా."

"లోడు దించేసరికి?"

"చీకటి పడుద్ది."

అంతసేపు కవర్లలో పిల్లలు నిలవవు. దారిన పోయే ఆటోలు చూస్తే కలుపు తీతకి పోయే ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉన్నాయి, పక్కలకి కూడా వేలాడుతున్నారు. లతకి ఫోన్ చేశాను. వాళ్ళాయన పురుగుమందుల కోసం ట్రాక్టరు వేసుకుని పిడుగురాళ్ళ వెళ్ళాడట. వెనకాల నుంచి ఆమె మామగారి గొంతు వినిపించింది: "చెప్పానా నేను?"

ఆ మాట విన్నాక నాకు ఏడుపు పూర్తిగా పోయింది.

"బాజీ, ఆ సుత్తి కాసేపు ఇస్తావా?"

"ఉంచుకోండి. రాత్రికి మళ్ళీ ఈ రోడ్డునే పోతా. చెంచమ్మక్క కాడ పెట్టండి" అని లారీ ఎక్కాడు.

కారంపూడి బజారు

చెంచమ్మ మోపెడ్ మీద వెనక కూర్చుని కారంపూడి వెళ్ళాను. ఊడొచ్చిన నట్టు ఒకటి కొంగున కట్టుకున్నాను. దారిలో ఆమె గాలికి అరుస్తూ మాట్లాడింది. "మా ఊరోళ్ళు మొదట్లో నేను బండి నడిపితే నవ్వారు. ఇప్పుడు వాళ్ళ పాలు కూడా నేనే మోస్తన్నా."

బజారు మొదట్లో ఉన్న మెకానిక్కు విషయం విని చేతులు తుడుచుకున్నాడు. "గ్యాసు పెట్టి కోసేస్తా. బోల్టు కూడా పోద్ది. కొత్త బోల్టు నరసరావుపేట నుంచి రావాల. రేపు సాయంత్రానికి అయిద్ది."

"కొయ్యకుండా ఇంకో దారి లేదా?"

"చిన్న సైజు బాక్సు పానా కొట్టి ఎక్కిస్తే ఒక్కోసారి వస్తది. ఒక్కోసారి రాదు. నా దగ్గర ఆ సైజు లేదు, చేతిలో ట్రాక్టరు పనుంది."

ఒక్కోసారి వస్తుందన్న మాట నాకు చాలు.

ఇనుప సామాన్ల కొట్లో శెట్టిగారు నా నట్టుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, నట్టు మీద టోపీలా కూర్చునే బాక్సు పానాలు ఒక్కొక్కటే దానికి తొడిగి చూశారు. సరిగ్గా పట్టేదాన్ని పక్కన పెట్టి, దానికంటే ఒక సైజు తక్కువది తీసి, ఒక కాడతో కలిపి ఇచ్చారు.

"ఇది సుత్తితో కొట్టడానికి చేసింది కాదమ్మా. పగిలితే నేను వెనక్కి తీసుకోను."

"పగిలితే ఇంకోటి కొనుక్కుపోతాను. కొట్టు ఎప్పటిదాకా ఉంటుంది?" అన్నాను.

ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు. "మీరొస్తానంటే ఉంచుతా."

ఆకురాయి

తిరిగొచ్చేసరికి వరం చేతులు నీళ్ళలో నాని ముడతలు పడిపోయాయి. బేసిన్‌లో కొన్ని పిల్లలు తేలిపోయాయి, ఎక్కువ భాగం తిరుగుతున్నాయి. "చెయ్యి మార్చుకుంటూ పోస్తున్నానక్కా. పని అయ్యిందా?" అంది.

"ఇంకా మొదలే."

బాక్సు పానా నట్టు మీద పెట్టి సుత్తితో కొట్టాను. అంచు మీద నిలబడిందే తప్ప లోపలికి దిగలేదు. అరిగినా ఆ నట్టు ఇంకా కాస్త లావే. ఒక సైజు పానాకి ఇది సన్నం, దాని కింద సైజుకి ఇది లావు. మధ్యలో ఆగిపోయాం.

చెంచమ్మ నట్టు మీద వేలు పెట్టి తడిమింది. "లావుగా ఉంటే అరగదియ్యాల, అంతేగా? మా ఇంట్లో కొడవళ్ళు నూరే ఆకురాయుంది."

తెచ్చింది. నట్టు మొదట్లో నాలుగు చుక్కల డీజిలు పోసి, రోడ్డు పక్కన చతికిలబడి రాయడం మొదలుపెట్టాను. ఇనుము మీద ఇనుము. కర్రకర్రమని పళ్ళు జివ్వుమనే చప్పుడు. ఒక ముఖం కాస్త చదునయ్యేసరికి భుజం లాగేసింది. చెంచమ్మ నన్ను పక్కకి జరిపి తను కూర్చుంది. ఆమెకి అలవాటైన చెయ్యి, పొడుగ్గా, ఒత్తి రాస్తుంది. ఆమె అలిసిపోతే నేను. మధ్యలో ఆమె ఇంట్లోంచి మజ్జిగ వచ్చింది, పచ్చిమిరపకాయ దంచి వేసిన మజ్జిగ. కళ్ళల్లో నీళ్ళు కారుతుండగానే రెండు గ్లాసులు తాగాను.

రోడ్డున పోయేవాళ్ళు ఆగి సలహాలిచ్చారు. కొత్త కారు కొనుక్కోమని ఒకాయన చెప్పాడు. "నువ్వు కొనిపెడతావా ఏంది? పోవయ్యా!" అని చెంచమ్మ తరిమింది.

ఆరు వైపులా కాస్త కాస్త రాశాక మళ్ళీ పానా పెట్టాను. ఈసారి అంచు లోపలికి దిగింది. సుత్తితో కొట్టాను. ఒక్కో దెబ్బకీ కొంచెం కొంచెంగా దిగి, చివరికి చప్పుడు మారింది. అప్పటిదాకా డబడబమన్నది కాస్తా ఖంగుమంది. పూర్తిగా కూర్చుంది. చేత్తో ఊపితే కదల్లేదు.

గొట్టం తొడిగాం. ముందుసారిలా ఒళ్ళంతా వేయలేదు. చెంచమ్మ గొట్టం చివర పట్టుకుంది, నేను మధ్యలో పట్టుకుని, పానా పక్కకి ఒరగకుండా రెండో చేత్తో తలని అదిమాను. మెల్లగా బరువు పెంచుకుంటూ పోయాం. గొట్టం వంగుతున్నట్టనిపించింది.

"ఆపుదామా?" అంది చెంచమ్మ.

"ఇంకొంచెం."

"టక్" మంది.

పానా పగిలిందనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. "తిరిగిందమ్మో!" అని చెంచమ్మ కేకేసింది. చూస్తే గొట్టం పావు వంతు కిందికి దిగి ఉంది. మళ్ళీ నొక్కితే ఇంకో పావు. నాలుగో నట్టు ఏడుస్తూ ఏడుస్తూ ఊడొచ్చింది. పొలంలోంచి వరం అరుస్తోంది, "ఏమైందీ? ఏమైందీ?" అని. ఊడిన నట్టుని ఆమెకి కనబడేలా పైకెత్తి చూపించాను.

జాకీతో కారు లేపి, అదనపు చక్రం ఎక్కించి, మూడు మంచి నట్లనీ చేత్తో బిగించాను. మూడింటితో నెమ్మదిగా పోవచ్చు. చిరిగిన కవరులో పిల్లల్ని చెంచమ్మ తొట్టిలోనే వదిలేశాం. "తవుడు వెయ్యి, దోమలు కూడా తగ్గుతాయి" అన్నాను. ఆమె తొట్టి మీదకి వంగి, "గేదెలు తాగేత్తే ఎట్టా?" అని నిజంగానే దిగులుపడింది.

లత కుంట

కారంపూడి దాటి గురజాల వైపు, ఆపైన మట్టి రోడ్డు. పొద్దు వాలుతుండగా లత వాళ్ళ పొలం చేరాం. కుంట గట్టు మీద పదిమంది దాకా ఉన్నారు. లత పరుగెత్తుకొచ్చి నా మోకాలి మీది రక్తం చూసి కెవ్వుమంది. ఆమె మామగారు వెంకటప్పయ్యగారు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కవర్లు కుంటలో తేలేశాం. రెండు నీళ్ళూ ఒకే వేడికి రావాలి, తొందరపడకూడదు. తరవాత లత చేత మొదటి కవరు మూతి విప్పించాను. పిల్లలు ఒక్క క్షణం అంచునే ఆగాయి. తరవాత నల్లని గీతలా లోపలికి దూసుకుపోయాయి. ఒక్కో కవరూ విప్పాం. చచ్చినవి చేటెడు కూడా లేవు.

వెంకటప్పయ్యగారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు. వంగి చూశారు. పిక్కల చుట్టూ పిల్లలు తిరుగుతుంటే కదలకుండా నిలబడిపోయారు.

"బతికే ఉండాయి" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

రాత్రి భోజనంలో నాటుకోడి కూర, గోంగూర పచ్చడి పెట్టారు. మావైపు పులుసుల్లో తీపి తగులుతుంది. ఇక్కడ కారం మొహమాటపడదు. వరం పెరుగు గిన్నె ముందే దగ్గర పెట్టుకుంది.

మాచర్ల

మర్నాడు కొత్త నట్టు కోసం మాచర్ల వెళ్ళాం. దారి పొడుగునా నాపరాయి కోసే మిల్లులు, రోడ్డు పక్కన పలకల దొంతర్లు, అన్నిటి మీదా తెల్లటి పొడి. షాపతను గాలి మిషను అందుకోబోతే వద్దని ఆపి, నాలుగు నట్లనీ ఎదురెదురుగా ఒకదాని తరవాత ఒకటి నేనే చేత్తో బిగించాను. అతను నవ్వాడు, కానీ పానా ఇచ్చాడు.

అక్కడి నుంచి వెళ్ళి ఎత్తిపోతల జలపాతం చూశాం. వానల నీళ్ళు రాయి మీంచి దూకుతున్నాయి. పుట్టిన దగ్గర్నుంచి నిలవ నీళ్ళే చూసిన వరం ఇనుప కమ్మీలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. "నీళ్ళు ఇంత చప్పుడు చేస్తాయా అక్కా?" అంది.

బయల్దేరే రోజు

మూడో రోజు పొద్దున్నే, బయల్దేరే ముందు పిల్లల్ని ఒకసారి చూసుకుందామని లతతో కుంట దగ్గరికి వెళ్ళాను. మాకంటే ముందే అక్కడెవరో ఉన్నారు. గట్టు మీద నులకమంచం, దాని మీద దుప్పటి. వెంకటప్పయ్యగారు చేతిలో పొడుగాటి కర్రతో అవతలి గట్టున పరుగెడుతున్నారు. ఆయన ముందు ఒక తెల్లకొంగ బద్ధకంగా లేచి, నాలుగు బారలు ఎగిరి, మళ్ళీ వాలింది.

"మామయ్యా, ఎప్పుడొచ్చావు?" అని లత అరిచింది.

ఆయన మావైపు తిరిగి చూడలేదు. "గమ్మునుండు! నీ అరుపులకి పిల్లలు బెదిరిపోతాయి" అని, కర్ర ఎత్తుకుని మళ్ళీ కొంగ మీదకి పోయారు.